పొగగొట్టం డక్ట్ చుట్టూ రేకు చుడితే కరెంటు వస్తుందా? టోపోలాజికల్ సెమీమెటల్ అంటున్నారు

పీణ్యా_ప్రసాద్
మాది బెంగళూరు పీణ్యాలో చిన్న యూనిట్, బట్టలకు రంగులద్దే పని. డీజిల్ బాయిలర్ ఒకటి ఉంది, దాని పొగగొట్టం డక్ట్ బయటి ఉపరితలం కొలిస్తే 80 డిగ్రీలు చూపిస్తోంది. పోయిన వారం మా బావమరిది ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన బ్యాగులోంచి వెండి రంగు రేకు తీసి, ఇది టోపోలాజికల్ సెమీమెటల్, డక్ట్ చుట్టూ చుడితే చాలు, వేడి లోపల్నుంచి బయటికి పోతుంటే కరెంటు అడ్డంగా రేకు పొడవునా పుడుతుంది, కదిలే భాగాలు లేవు, ఇరవై ఏళ్ళు మెయింటెనెన్స్ లేదు అన్నాడు. ఇందులో బెర్రీ కర్వేచర్ ఉందట, నాకు బెర్రీ అంటే జామ్ బాటిలే గుర్తొచ్చింది. బావమరిది అప్పటికే పడిపోయాడు, ఆ కంపెనీలో డబ్బు పెడదాం అంటున్నాడు. ఇంట్లో ఏమో "మా తమ్ముడు చెప్తే మీరెప్పుడు విన్నారు గనక" అని మొదలైంది. ఇక్కడ చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, ఇది సైన్సా లేక మాటల గారడీనా చెప్పండి. వచ్చే వారం డెమోకి రమ్మన్నారు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఆ రేకు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో పరిస్తే సాయంత్రం ఆరింటికి మొత్తం కర్ణాటకకి కరెంటు వస్తుంది. వేడి అంతా మా బళ్ళ నుంచే, కాస్త మా నెత్తుల నుంచి కూడా.

టంకం_బాబాయ్
పెల్టియర్ మాడ్యూల్స్‌తో (ఒక వైపు వేడి, ఇంకో వైపు చల్లన ఉంటే కరెంటిచ్చే పలకలు) చాలా ఏళ్ళు కుస్తీ పట్టినవాణ్ణి. వేస్ట్ హీట్ నుంచి కరెంటు అన్నవాళ్ళని చాలామందిని చూశాను, అందరి స్లైడ్లలోనూ ఒకే ఫ్యాక్టరీ బొమ్మ ఉంటుంది. డబ్బు పెట్టకు.

జక్కూరు_పక్షి
బాబాయ్, అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. నేను పీహెచ్‌డీలో కొలిచేది ఇదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

మామూలు థర్మోఎలక్ట్రిక్‌లో (వేడి తేడా నుంచి కరెంటు పుట్టించే పద్ధతి), అంటే 1821లో సీబెక్ చూసిన దాంట్లో, వేడి ఏ దిక్కుకి పోతే వోల్టేజీ అదే దిక్కున వస్తుంది. నెర్న్‌స్ట్ ఎఫెక్ట్‌లో అలా కాదు. వేడి ఒక దిక్కు, అయస్కాంత క్షేత్రం ఇంకో దిక్కు, వోల్టేజీ ఆ రెండిటికీ లంబంగా మూడో దిక్కు. దీన్ని 1886లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఎటింగ్స్‌హౌజెన్, ఆయన దగ్గర పనిచేస్తున్న కుర్రాడు నెర్న్‌స్ట్ బిస్మత్‌లో చూశారు. కొత్త విషయమేం కాదు.

సెమీమెటల్ ఎందుకంటే, ఇందులో ఎలక్ట్రాన్లూ ఉంటాయి, హోల్సూ (ప్లస్ చార్జీలా నడిచే ఎలక్ట్రాన్ ఖాళీలు) ఉంటాయి. రెండూ వేడి వైపు నుంచి చల్లని వైపుకే పోతాయి, చార్జీలేమో వ్యతిరేకం, కాబట్టి సీబెక్ వోల్టేజీని ఒకదాన్నొకటి తినేస్తాయి. అదే అయస్కాంతం మధ్యలో పెడితే ఒకటి ఎడమకి వంగుతుంది, ఇంకోటి కుడికి. ఇప్పుడు రెండిటి వోల్టేజీలూ కలుస్తాయి. సీబెక్‌కి నష్టమైందే ఇక్కడ లాభం.

ఇక టోపోలాజికల్. వైల్ సెమీమెటల్స్ ఆ రకమే. వాటిలో రెండు ఎనర్జీ బ్యాండ్లు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి స్థాయిల గుంపులు) కొన్ని బిందువుల దగ్గర కలుస్తాయి, ఆ బిందువుల చుట్టూ బెర్రీ కర్వేచర్, అంటే ఎలక్ట్రాన్లకి లోపలి అయస్కాంత క్షేత్రం లాంటిది, చాలా ఎక్కువ. పదార్థం స్వయంగా అయస్కాంతమై, ఫెర్మీ లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండిన పై మట్టం) ఆ బిందువుల దగ్గరలో ఉంటే, బయట మాగ్నెట్ లేకపోయినా ఎలక్ట్రాన్లని ఇది పక్కకి నెడుతుంది. దీన్ని అనామలస్ నెర్న్‌స్ట్ అంటారు. 2018లో టోక్యో యూనివర్సిటీ వాళ్ళు కోబాల్ట్, మాంగనీస్, గాలియం కలిపిన హాయ్స్‌లర్ అనే రకం మిశ్రమంలో గది ఉష్ణోగ్రత దగ్గర కెల్విన్‌కి (అంటే ఒక డిగ్రీ తేడాకి) సుమారు 6 మైక్రోవోల్టులు చూపించారు. మామూలు ఇనుములో 1 కూడా రాదు. మీ రేకు మనిషి చెప్పిన ఫిజిక్స్ వరకు నిజమే ప్రసాద్ గారూ. లెక్కలు వేరే సంగతి.

పీణ్యా_ప్రసాద్
సగం అర్థమైంది, సగం అర్థమైనట్టు నటిస్తున్నాను. అయితే నిజమేనన్నమాట. బావమరిదికి ఇది చూపించకూడదు.

అడయార్_అల్లుడు
6 మైక్రోవోల్టులేంటి, నయోబియం ఫాస్ఫైడ్ అని ఇంకో వైల్ సెమీమెటల్‌లో 800 దాటింది కదా. మార్కెట్లో దొరికే బిస్మత్ టెల్యురైడ్ 200 దగ్గర ఉంటుంది, దానికి నాలుగు రెట్లు. ఆ పదార్థంతో చేస్తే బాబాయ్ నోరు మూతపడదా?

జక్కూరు_పక్షి
ఆ 800 ఎక్కడ వచ్చిందో కూడా చూడాలి అన్నా. 9 టెస్లా అయస్కాంత క్షేత్రంలో, 109 కెల్విన్ దగ్గర. అంటే మైనస్ 164 డిగ్రీలు. పైగా నయోబియం ఫాస్ఫైడ్ అయస్కాంత పదార్థం కాదు, మాగ్నెట్ తీసేస్తే నెర్న్‌స్ట్ వోల్టేజీ సున్నా. 9 టెస్లా అంటే సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్, దానికి హీలియం. ప్రసాద్ గారి బాయిలర్ పక్కన అది పెడితే బట్టలకు రంగు వెయ్యడం మానేసి స్కానింగ్ సెంటర్ పెట్టుకోవచ్చు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
స్కానింగ్ సెంటర్‌లో లాభం ఎక్కువే కదా ప్రసాదన్నా, ఆలోచించు.

టంకం_బాబాయ్
పక్షీ, ఫిజిక్స్ నువ్వు చెప్పావు, బాగుంది. లెక్క నేను చెప్తాను, తప్పుంటే దిద్దు.

డక్ట్ 80, గది 30, తేడా 50 డిగ్రీలు. రేకు మనిషి ఈ 50 డిగ్రీలూ రేకులోనే పడుతున్నట్టు చూపిస్తాడు. అలా పడవు. బయట ఫ్యాన్ లేని గాలి చదరపు మీటరుకి డిగ్రీకి సుమారు 10 వాట్లు మాత్రమే లాక్కుంటుంది. అంటే 50 డిగ్రీలకి 500 వాట్లు. ఈ 500 వాట్లు రేకులోంచి పోవాలి. ఇలాంటి లోహ మిశ్రమానికి ఉష్ణ వాహకత 20 దగ్గర వేసుకుందాం. 500ని 20తో భాగిస్తే మీటరుకి 25 డిగ్రీల వాలు. రేకు మందం 1 మిల్లీమీటరు అనుకుంటే దాని లోపలికీ బయటికీ తేడా డిగ్రీలో 40వ వంతు. మిగతా దాదాపు 50 డిగ్రీలూ రేకు బయట గాలిలో పడుతున్నాయి. గాలి కరెంటు ఇవ్వదు.

ఇప్పుడు 6 మైక్రోవోల్టులు ఇంటూ 25, మీటరు పొడవుకి 150 మైక్రోవోల్టులు. రెసిస్టివిటీ (కరెంటుకి పదార్థం చెప్పే అడ్డు) కూడా వేసి చూస్తే, లోడ్ సరిగ్గా మ్యాచ్ చేసినా చదరపు మీటరు రేకు నుంచి వచ్చేది నాలుగైదు మైక్రోవాట్లు. చేతి గడియారానికి సరిపోతుందేమో. దానికీ ముందు ఆ వోల్టేజీని పెంచే సర్క్యూట్ కావాలి, 150 మైక్రోవోల్టులకి ఏ బూస్ట్ కన్వర్టరూ నిద్ర లేవదు.

జక్కూరు_పక్షి
దిద్దడానికేం లేదు. ఒకటి కలుపుతాను. గాలి బదులు నీళ్ళతో చల్లబరిచి, రేకు కాకుండా మందపాటి దిమ్మె వేసి, 50 డిగ్రీలూ పదార్థంలోనే పడేట్టు చేశామనుకోండి. అప్పుడు చూడాల్సింది జడ్‌టీ, అంటే పదార్థం వేడిని కరెంటుగా ఎంత బాగా మారుస్తుందో చెప్పే అంకె. ఈ పదార్థానికి అది 0.0005 ప్రాంతంలో వస్తుంది. బిస్మత్ టెల్యురైడ్‌కి 1కి దగ్గర. 80కీ 30కీ మధ్య కార్నో పరిమితే (ఏ యంత్రమూ దాటలేని గరిష్ఠం) 14 శాతం. ఈ రెండూ కలిపితే 10 కిలోవాట్ల వేడికి బిస్మత్ టెల్యురైడ్ కాగితం మీద 200 వాట్లు ఇస్తుంది, మన టోపోలాజికల్ పదార్థం 0.2 వాట్లు కూడా ఇవ్వదు.

పీణ్యా_ప్రసాద్
10 కిలోవాట్ల వేడికి 0.2 వాట్లా? మా పూజ గదిలో జీరో బల్బు అంతకన్నా ఎక్కువ తింటుంది.

బేసిక్_బసవన్నపేట
మరి ఇంత తక్కువైతే ప్రపంచంలో ఇంతమంది ఎందుకు వెంటపడుతున్నారు? పిచ్చా?

వైల్_వీరాభిమాని
అదే నేనడగబోతున్నా. బాబాయ్ లాంటివాళ్ళు ఇవాళ్టి అంకె చూసి కొట్టేస్తారు. వాలు ఎటుందో చూడరు. 2017కి ముందు అనామలస్ నెర్న్‌స్ట్ అంటే ఎంత బలమైన అయస్కాంతమైతే అంత వోల్టేజీ అనుకునేవాళ్ళు. ఆ ఏడాది మాంగనీస్-టిన్ సమ్మేళనంలో, అది యాంటీఫెర్రోమాగ్నెట్ (లోపలి చిన్న అయస్కాంతాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే రకం), దాని అయస్కాంతత్వం ఇనుము లాంటి మామూలు ఫెర్రోమాగ్నెట్‌లో వెయ్యో వంతు ఉంటుందంతే, దాంట్లో గది ఉష్ణోగ్రత దగ్గర 0.35 మైక్రోవోల్టులు వచ్చాయి. అంకె చిన్నదే, కానీ లెక్క ప్రకారం రాకూడనిది వచ్చింది. పాత సూత్రం పోయింది. మరుసటి ఏడాదే 6. 2020లో ఇనుము-గాలియం, ఇనుము-అల్యూమినియంలలో కూడా పెద్ద సిగ్నల్ చూపించారు, అల్యూమినియం అయితే కిలోల లెక్కన దొరికే సరుకు. గాలియం మీద 2023 ఆగస్టు నుంచి చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బిస్మత్ టెల్యురైడ్‌లో టెల్యురియం కూడా అరుదే, అది ఎవరూ మాట్లాడరు.

టంకం_బాబాయ్
వాలు సంగతి సరే వీరాభిమానీ, జడ్‌టీ 0.0005 నుంచి 1కి వెళ్ళాలంటే రెండు వేల రెట్లు. అందులో వోల్టేజీ వర్గంగా వస్తుంది కాబట్టి వోల్టేజీలో నలభై అయిదు రెట్లు. ఈ వాలు నీ మనవడు ఎక్కాలి.

వైల్_వీరాభిమాని
మనవడైనా ఎక్కుతాడు కదా. మీరైతే మెట్టు కూడా కట్టనివ్వరు.

కెమిస్ట్రీ_అక్క
ఇద్దరూ కొట్టుకోవడం ఆపి అసలు ప్రయోజనం చెప్పండి. అంకె కాదు, ఆకారం. అడ్డంగా వోల్టేజీ రావడం వల్ల వచ్చే సౌలభ్యం ఏంటో బాబాయ్‌కే బాగా తెలియాలి, మాడ్యూళ్ళు కాల్చుకున్నది ఆయనే.

టంకం_బాబాయ్
అక్క అన్నది నిజమే, దాచను. ఎస్పీ రోడ్‌లో ఎక్కడ చూసినా దొరికే 12706 పెల్టియర్ ఉంటుంది కదా, 40 మిల్లీమీటర్ల చదరం. దాన్ని బ్లేడుతో విప్పి చూడండి. లోపల 127 జతలు, అంటే 254 చిన్న దిమ్మెలు, పీ టైపు (హోల్స్‌వి), ఎన్ టైపు (ఎలక్ట్రాన్లవి) ఒకటి విడిచి ఒకటి. పైనా కిందా రాగి పట్టీలు, ఒక్కో దిమ్మెకి రెండు టంకాలు. మొత్తం కార్తీక మాసం సీరియల్ సెట్టే, ఒక్క అతుకు ఊడితే దండంతా ఆరిపోతుంది. చౌక రకాల్లో ఆ టంకం బిస్మత్-టిన్, 138 డిగ్రీలకే కరుగుతుంది. అది వేడి వైపు అతుకు కూడా, అక్కడే గొడవంతా. వేడెక్కి వ్యాకోచించి, చల్లారి సంకోచించి, కొన్నాళ్ళకి రాగికీ దిమ్మెకీ మధ్య వెంట్రుక లాంటి బీట పడుతుంది. మల్టీమీటర్ పెడితే బాగానే చూపిస్తుంది, వేడి చేస్తే ఓపెన్. దీన్ని పట్టుకోవడానికి నేను తిన్న తిట్లు రాస్తే ఇంకో థ్రెడ్ అవుతుంది.

అడ్డ పద్ధతిలో ఒకటే పదార్థం చాలు, వైర్లు రెండు చివర్లకి అతికిస్తే చాలు, వేడి వైపు అతుకే అక్కర్లేదు. వోల్టేజీ కావాలంటే పొడవు పెంచుకోవడమే. ఇంజినీరుగా చెప్తున్నా, ఆ ఒక్క విషయానికి నాకు దీనిమీద ఆశ ఉంది. పవర్ మీద లేదు.

వైల్_వీరాభిమాని
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. బాబాయ్ ఆశ పెట్టుకున్నారు.

మనలి_బాయిలర్_మనిషి
చెన్నై నుంచి రాస్తున్నా, ప్లాంట్లలోనే జుట్టు తెల్లబడింది. ప్రసాదూ, నీకు కావాల్సింది కరెంటా, ఖర్చు తగ్గడమా? నీ దగ్గర వృథా అవుతోంది వేడి. నీకు అవసరమైంది కూడా వేడే. దాన్ని కరెంటు చేసి మళ్ళీ ఏం చేస్తావు? పొగ బయటికి పోయే చోట ఎకనమైజర్ పెట్టి ఫీడ్ వాటర్ (బాయిలర్‌లోకి పోయే నీళ్ళు) వేడి చేసుకో. దీనికి బెర్రీలూ చెర్రీలూ అక్కర్లేదు, నాలుగు ట్యూబులు చాలు.

అడయార్_అల్లుడు
మనలి అన్న చెప్పింది కరెక్ట్. అసలు చెన్నైలో ఈ రేకు పనే చెయ్యదు, మే నెల కత్తిరి ఎండల్లో చల్లని వైపు అనేది ఎక్కడుంది?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
బెంగళూరు వాతావరణం మీద మొత్తానికి ఒక శాస్త్రీయ ప్రశంస. ఫ్రేమ్ కట్టిస్తా.

జక్కూరు_పక్షి
అల్లుడు అన్న జోకే అయినా పాయింటే. 80కీ 30కీ మధ్య 14 శాతం పరిమితి ఉంటే, 80కీ 42కీ మధ్య 11 కూడా లేదు.

ఇవి నిజంగా పనికొచ్చే చోట్లు రెండు. ఒకటి, హీట్ ఫ్లక్స్ సెన్సర్. బాబాయ్ లెక్కనే తిరగేసి చూడండి: రేకులోంచి ఎంత వేడి పోతోందో వోల్టేజీ దానికి అనుపాతంలో ఉంటుంది. పవర్ అక్కర్లేదు, కొలిస్తే చాలు. పల్చటి పొరగా వెయ్యొచ్చు, వంపు తిరిగిన గొట్టం మీద అతికించొచ్చు, వేడి దారికి అడ్డం పడదు. టోక్యో వాళ్ళు కూడా ఈ దిశలో గట్టిగా పనిచేస్తున్నారు. రెండోది, బాగా చల్లని చోట ఇంకా చల్లబరచడం. నెర్న్‌స్ట్‌ని తిరగేస్తే ఎటింగ్స్‌హౌజెన్ కూలింగ్: కరెంటు ఒక దిక్కు పంపితే వేడి అడ్డంగా పోతుంది. 1960ల్లోనే బిస్మత్ ముక్కని ప్రత్యేకమైన ఆకారంలో కోసి, 11 టెస్లాలో పెట్టి గది ఉష్ణోగ్రత నుంచి 100 డిగ్రీలు కిందికి దించారు. బిస్మత్ టెల్యురైడ్ బలం చల్లదనంలో పడిపోతుంది, సెమీమెటల్స్‌కి అక్కడే బలం.

డెమోకి వెళ్తున్నారు కాబట్టి ఒక్కటి చెయ్యండి. ల్యాబులో మా తలనొప్పంతా ఇదే. రెండు మిల్లీమీటర్ల ముక్క, దానికి సిల్వర్ పేస్టుతో వెంట్రుకంత తీగలు అతికిస్తాం, రెండు తీగలూ సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. సూదిమొనంత జరిగితే చాలు, నెర్న్‌స్ట్‌లోకి సీబెక్ దూరిపోతుంది. అందుకని క్షేత్రం ఒక దిక్కు పెట్టి కొలుస్తాం, తిప్పి మళ్ళీ కొలుస్తాం, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి సగం చేస్తాం. నెర్న్‌స్ట్ గుర్తు మారుతుంది, సీబెక్ మారదు. మీరూ జేబులో ఒక నియోడిమియం మాగ్నెట్ పెట్టుకెళ్ళండి. రేకు అంచు పక్కన ఉత్తర ధ్రువం పెట్టి రీడింగ్ చూడండి, తర్వాత దక్షిణ ధ్రువం. మీటర్లో ప్లస్ మైనస్ అవ్వాలి. అవ్వకపోతే వాళ్ళు చూపించేది రేకుకీ తీగకీ మధ్య వచ్చే మామూలు సీబెక్.

కెమిస్ట్రీ_అక్క
ఇంకో ప్రశ్న కూడా అడుగు ప్రసాదూ. ఫర్నేసులకి కూడా పనికొస్తుందని చెప్పాడా? ఆ కోబాల్ట్ మిశ్రమం క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 690 కెల్విన్, 420 డిగ్రీల దగ్గర. అది దాటితే అయస్కాంతత్వం పోతుంది, దాంతోపాటు అనామలస్ సిగ్నలూ పోతుంది.

పీణ్యా_ప్రసాద్
చెప్పాడు! 800 డిగ్రీల ఫర్నేసుకైనా సరేనన్నాడు.

టంకం_బాబాయ్
ఇక నేను మాట్లాడను.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
బాబాయ్ మాట్లాడనన్నారంటే ఇంకా మూడు పోస్టులు గ్యారంటీ.

పీణ్యా_ప్రసాద్
డెమోకి వెళ్ళొచ్చాను. హాట్ ప్లేట్ మీద రేకు, పైన నీళ్ళు తిరిగే అల్యూమినియం దిమ్మె, పక్కన మీటర్. మీటర్లో 2.8 మిల్లీవోల్టులు. బావమరిది నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ. నేను మాగ్నెట్ తీశాను. ఆయన ముఖం కాస్త మారింది, వద్దనలేకపోయాడు. ఒక ధ్రువం పెడితే 2.8 అలాగే ఉంది. రెండో ధ్రువం పెడితే 2.7కి దిగింది. మళ్ళీ తిప్పితే 2.8. మైనస్ మాత్రం అవ్వలేదు. దీనర్థం ఏంటి? అడిగితే "అది కాలిబ్రేషన్ మేటర్" అన్నాడు.

జక్కూరు_పక్షి
మంచి కొలత! తేడా 0.1, అందులో సగం 0.05 మిల్లీవోల్టులు నెర్న్‌స్ట్. మిగతా 2.75 మాగ్నెట్‌ని పట్టించుకోవడం లేదు, అంటే సీబెక్, తీగల అతుకులు రెండూ ఒకే వేడిలో లేవు. రేకు మాత్రం నకిలీ కాదు ప్రసాద్ గారూ. అసలు సిగ్నల్ ఉంది, చూపించిన దాంట్లో రెండు శాతం కూడా లేదంతే.

వైల్_వీరాభిమాని
అంటే పదార్థం చేసినవాళ్ళకి పని తెలుసు, అమ్మేవాడికి తెలీదు. వాళ్ళు సెన్సర్ అని చెప్పి అమ్ముకుంటే నేనే మొదటి కస్టమర్ని.

టంకం_బాబాయ్
తెలియకనా, తెలిసేనా? రెండు తీగలూ నీళ్ళ దిమ్మె వైపే పెడితే ఆ 2.75 వచ్చేదే కాదు. డెమో చేసేవాడికి అది తెలియకపోతే భయం, తెలిసి చేస్తే ఇంకా భయం.

బేసిక్_బసవన్నపేట
బావమరిది ఏమన్నాడు ప్రసాదన్నా? అది చెప్పు ముందు.

పీణ్యా_ప్రసాద్
"0.05 అయినా వస్తోంది కదా బావా, మొదట్లో అన్నీ అలాగే ఉంటాయి" అన్నాడు. నీ డబ్బు నీ ఇష్టం అన్నాను. ఇంట్లో రెండు రోజులుగా కాఫీలో పంచదార తగ్గింది.

మనలి అన్నా, ఆ ఎకనమైజర్ సంగతి చెప్పు. బయటికి పోయే చోట లోపలి పొగ 220 ఉంది. ఫీడ్ వాటర్ 30లోనే వెళ్తోంది.

మనలి_బాయిలర్_మనిషి
220 అంటే బాగా ఎక్కువే. పొగ 22 డిగ్రీలు దిగితే ఇంధనం 1 శాతం మిగులుతుందని మా లెక్క. 150కి దించితే 3 శాతం పైనే, నెల డీజిల్ బిల్లు మీద వేసి చూసుకో. అత్యాశకి పోయి 130 కిందికి మాత్రం దించకు, డీజిల్‌లో గంధకం తక్కువైనా పొగలో తేమ యాసిడ్‌గా మారి ట్యూబుల మీద కారుతుంది. కింద డ్రెయిన్ పెట్టించు, ముందు ట్యూబుల మీద మసి దులిపించు, ఒక్కోసారి ఆ మసి వల్ల కూడా వేడి పోతుంటుంది. ఫోటోలు పెట్టు, సైజు చెప్తాను.